గాలి కన్ను

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురం: కిటికీ పక్క మంచం మీద నానమ్మ, వరండాలో పేపరు వెనకాల నాన్న, నానమ్మ గదిలో ఇటుకలు దించుకున్న మేస్త్రీ, కిటికీకి అడ్డంగా నిలబడ్డ నేను. అమ్మ పొద్దున్నే అమ్మమ్మను చూడడానికి వెళ్ళింది. గోడకు అవతలి సగం ఇంట్లో బాబాయి ఉన్నాడు కాని, ఆయన్ను మా ఇంటి లెక్కలో వేయడం మానేసి తొమ్మిది నెలలైంది.

"నువ్వట్లా అడ్డం నిలబడితే ఇటుక ఎక్కడ పెట్టను పాపా? నీ నెత్తి మీదా?"

"ఒక్క అయిదు నిమిషాలు మేస్త్రీ గారూ. రేపు బళ్ళో అందరి ముందూ నిలబడి చెప్పాలి. ఒక్కసారి మీకు అప్పజెప్పేస్తాను."

"నాకా? నేను నాలుగో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టి వచ్చేసినవాణ్ణి."

"అందుకే మీకు. తప్పు చెప్పినా మీకు తెలీదు. నాకు వణుకు రాదు."

"విన్నారా పెద్దమ్మగారూ మీ మనవరాలి మాట? మనిషిని చూస్తే వెన్నముద్ద. మాట చూస్తే ఉలి."

"విన్నా, విన్నా. అది నోరు తెరవడమే ఏడాదికోసారి. తెరిచినప్పుడు వినాలి మేస్త్రీ. ఇంతకీ ఇసుక జల్లించావా?"

"రెండుసార్లు జల్లించానమ్మా."

"ఇంకోసారి జల్లించు. రాళ్ళున్నాయి."

"అందులో రాయి కనబడితే రేపటినించి నేను తాపీ పట్టను."

"జల్లించమంటే జల్లించు నాయనా. తొందరేముంది? నువ్వు చెప్పవే అమ్మలూ."

"చెబుతున్నా నానమ్మా. మా ఇంగ్లీషు టీచరు చీటీలు తీయించారు మేస్త్రీ గారూ. చీటీలో ఏ మాట వస్తే ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు రాసుకురావాలి. దాని తల్లెవరు, తాతెవరు, ఎక్కడ పుట్టింది, ఎన్ని ఊళ్ళు తిరిగింది..."

"పెళ్ళి సంబంధం చూసినట్టు."

"అట్లాగే. నాకు సీతాకోకచిలుక వచ్చింది. పక్క పిల్లకి విండో వచ్చింది. బతిమాలి మార్చుకున్నా."

"ఆడపిల్లవి, సీతాకోకచిలుకని వదిలేసి కిటికీ తీసుకున్నావా?"

"నాన్న మూడు నెలలనించీ ఈ కిటికీ మూయించేస్తానంటున్నాడు కదా. మాట వెనక్కి వెళ్ళి చూస్తే మూయకూడదనడానికి ఏదన్నా ఆధారం దొరుకుతుందేమోనని."

"అమ్మో! ఇది బడి పాఠం కాదన్నమాట. కోర్టు వాదన."

"వింటారా, వినరా?"

"వింటున్నా తల్లీ. చేతులు జల్లెడకిచ్చాను, చెవులు నీకిచ్చాను."

"విండో అసలు ఇంగ్లీషు మాటే కాదు."

"పోదూ! ఇంగ్లీషు కాకపోతే మనదా?"

"మనదీ కాదు. వెయ్యేళ్ళకి పైమాట. ఉత్తరాన చలి దేశాలవాళ్ళు పడవలెక్కి సముద్రం దాటి ఇంగ్లీషువాళ్ళ మీదికి వచ్చారు. దోచుకోడానికి వచ్చారు, తగలబెట్టడానికి వచ్చారు, తర్వాత ఆ నేల బాగుందని అక్కడే కాపురాలు పెట్టేశారు. వాళ్ళు మాట్లాడేది నార్స్ భాష. అందులో విండ్ అంటే గాలి. ఔగ అంటే కన్ను. విండ్‌ఔగ."

"గాలి కన్ను!"

"గాలి కన్ను. అది ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి నలిగి నలిగి విండో అయింది."

"అంటే దొంగలు వచ్చి, బిందెలూ చెంబులూ పట్టుకుపోయి, మాట మాత్రం వదిలేసి పోయారు."

"పోలేదండీ, ఉండిపోయారని చెప్పా కదా."

"ఉండిపోతే ఇంక దొంగలెందుకవుతారు? అల్లుళ్ళవుతారు."

"నవ్వించకండి, మర్చిపోతా. మొదట్లో అది ఇంటికప్పులో ఉండేదిట. దానికి అద్దం లేదు, రెక్క లేదు. ఉత్త కంత. పొగ బయటికి పోవాలి, గాలీ వెలుగూ లోపలికి రావాలి, అంతే."

"రెక్క లేదా? వాన పడితేనో?"

"తడిసేవాళ్ళు."

"వాళ్ళ మేస్త్రీదే హాయి. ఒక కంత వదిలేసి ఇంటికెళ్ళి పడుకునేవాడు. మరి ఆ పడవలవాళ్ళు రాకముందు ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళకి కిటికీలే లేవా?"

"మంచి ప్రశ్న! మా టీచరు కూడా ఇదే అడుగుతారు. ఉన్నాయి. అప్పుడు ఈగ్‌థర్ల్ అనేవాళ్ళు. కంటి బెజ్జం. ఈగ్‌దురు అని కూడా అనేవాళ్ళు. కంటి తలుపు."

"చూశావా, వీళ్ళకీ కన్నే, వాళ్ళకీ కన్నే."

"ఆ పాత బెజ్జం ఇంకా చావలేదు మేస్త్రీ గారూ. ఇంగ్లీషులో ముక్కు పుటాన్ని నాస్ట్రిల్ అంటారు కదా? అందులో చివర ఉన్న ట్రిల్ ఆ థర్లే, ఆ బెజ్జమే."

"ముక్కులో బెజ్జం చస్తే మనిషే చస్తాడు కదమ్మా."

"ఏమే పిల్లా!"

"ఆఁ, నాన్నా!"

"గదిలో ముక్కులూ బెజ్జాలూ అని వినబడుతోంది గాని ఇటుక చప్పుడు ఒక్కటీ వినబడదేం?"

"మేస్త్రీ గారికి పాఠం అప్పజెబుతున్నా నాన్నా."

"మేస్త్రీకి వేరే పని లేదా?"

"ఇసుక జల్లిస్తున్నానండీ. మూడోసారి."

"మూడోసారా? ఇల్లు కడుతున్నావా, పిండి వంట చేస్తున్నావా?"

"పెద్దమ్మగారు జల్లించమన్నారండీ."

"మీ గొడవలో నన్ను లాగకు మేస్త్రీ. అమ్మలూ, మన భాష సంగతి చెప్పు. అది నాకు నచ్చింది."

"నువ్వు ఇప్పటికి ఎన్నిసార్లు విన్నావు నానమ్మా?"

"లెక్కపెట్టలేదు. వారం రోజులుగా నిద్దట్లో కూడా పడవలే వస్తున్నాయి. నాకు నోటికొచ్చేసింది. చెప్పు, మేస్త్రీ విననీ."

"మన పుస్తకాల్లో కిటికీని గవాక్షం అంటారు కదండీ. సంస్కృతం నించి వచ్చింది. అంటే ఆవు కన్ను."

"ఇక్కడా కన్నేనా!"

"ఇక్కడా కన్నే. వాళ్ళెవరో మనకి తెలీదు. మనమెవరో వాళ్ళకి తెలీదు. అయినా గోడలో కంత చూస్తే ఇద్దరికీ కన్నే గుర్తొచ్చింది. ఇప్పుడు మీరే చెప్పండి మేస్త్రీ గారూ. ఎక్కడన్నా బాగా ఉన్న కంటిని కుట్టేస్తారా?"

"అమ్మా, నేను మేస్త్రీని. కళ్ళ డాక్టర్ని కాదు."

"ఈ కిటికీ మూసేస్తే నానమ్మ బాబాయిని ఎట్లా చూస్తుంది? ఆ మోకాళ్ళతో వీధంతా చుట్టి అటువైపు గుమ్మానికి వెళ్ళలేదు. బాబాయి మా గుమ్మం ఎక్కడు. రోజూ తొమ్మిదింటికి ఈ కిటికీ దగ్గరికొచ్చి, 'మాత్ర వేసుకున్నావా' అంటాడు. నానమ్మ 'వేసుకున్నా' అంటుంది. వెళ్ళిపోతాడు. రోజు మొత్తానికి తల్లీ కొడుకులు మాట్లాడుకునేది అంతే. అది కూడా తీసేస్తే?"

"తీసెయ్యనీలే అమ్మలూ."

"నానమ్మా!"

"ముసలిదాన్ని. నాకు గాలెందుకు, వెలుగెందుకు?"

"గాలి గురించా నేను మాట్లాడేది?"

"నువ్వే కదే గాలి కన్ను, గాలి కన్ను అని చంపుతున్నావు."

"నువ్వు ఒక్క మాట వద్దని అనవేం? పొద్దున ఇసుక బస్తా దిగినప్పటినించీ చూస్తున్నా, నీలో చలనమే లేదు. పోనీ నాన్ననే అడుగుతా. నాన్నా!"

"ఏమిటే?"

"మూయొద్దని చెప్పవా?"

"నేనెందుకు చెప్పాలి? పంపకాల్లో ఆ గోడ అటు పోయింది. కిటికీ గోడతో పాటే పోయింది."

"మూయించేస్తా, మూయించేస్తా అని మూడు నెలలుగా అంటున్నది నువ్వే కదా."

"అన్నా. అంటే?"

"అంటే అన్నంత పనీ చేస్తున్నావు."

"చేసేవాళ్ళు చేస్తున్నారు, చూసేవాళ్ళు చూస్తున్నారు. నన్ను పేపరు చదువుకోనీ."

"అది మొన్నటి పేపరు నాన్నా."

"మొన్న చదవలేదు, ఇవాళ చదువుతున్నా. నీకేం నష్టం? కిటికీ వచ్చే వేళయింది, అవతలికి పో."

"కిటికీ రావడమేంటి పెద్దమ్మగారూ? కిటికీ ఉన్నచోటే ఉంది కదా."

"అది వీళ్ళ భాష మేస్త్రీ. నువ్వు కొత్తవాడివి, నీకు అర్థం కాదు. వీడి భాషలో కిటికీ అంటే వీడి తమ్ముడు. వాడి భాషలో గోడ అంటే వాళ్ళ అన్న. తొమ్మిది నెలలుగా ఈ ఇంట్లో మనుషులు లేరు నాయనా. గోడలూ కిటికీలే."

"ఆ మాటల పుట్టుపూర్వోత్తరాలు ఏ టీచరు చెప్పాలి?"

"నేనే చెబుతా. ఇద్దరిదీ ఒకటే సెలూను. మా ఆయన పెట్టింది. రెండు కుర్చీలు, ఒక పొడుగాటి అద్దం. ఒకరోజు పోస్టాఫీసు పెద్దాయన గెడ్డానికొచ్చి చిన్నవాడి కుర్చీలో కూర్చోబోయాడు. పెద్దవాడు ఊరుకోవచ్చు కదా? 'అటొద్దండీ, ఇటు రండి, వాడి చెయ్యి ఇంకా కుదరలేదు' అన్నాడు."

"అయ్యో. చిన్నాయన వయసెంత?"

"ముప్ఫై ఎనిమిది."

"ముప్ఫై ఎనిమిదేళ్ళకి చెయ్యి కుదరలేదన్నారా!"

"దుకాణం నిండా జనం. వాడు కత్తెర తుడిచాడు, దువ్వెన తుడిచాడు, తన కుర్చీ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. పక్క వీధిలో దుకాణం తెరిచాడు."

"నిజం కుర్చీయేనా? ఆ ఇనప కుర్చీ?"

"అదే. దారిలో మూడుచోట్ల దించి, ఆయాసపడి, మళ్ళీ ఎత్తుకున్నాడుట. చూసినవాళ్ళు చెప్పారు. ఒకణ్ణి సాయం అడగలేదు. అది వాడి రోషం."

"అమ్మా! మాత్ర వేసుకున్నావా?"

"వేసుకోలేదురా."

"అదేంటి? రోజూ వేసుకున్నానంటావు!"

"ఇవాళ వేసుకోలేదు."

"ఎందుకు వేసుకోలేదు? కోకిలమ్మా, ఏం చేస్తున్నావక్కడ? కిటికీకి బల్లిలా అతుక్కున్నావేం? కాస్త జరుగు, అమ్మ కనబడడం లేదు. నీ వెనకాల ఎవరది?"

"మేస్త్రీ గారు, బాబాయ్."

"మేస్త్రీయా? ఆ ఇటుకలేంటి?"

"కిటికీ... మూసేస్తున్నారు బాబాయ్."

"మూసే... ఓహో. ఓహోహో. మూడు నెలలుగా గోడ అరుస్తుంటే ఉత్త అరుపనుకున్నా. చివరికి చేసి చూపించిందన్నమాట. కోకిలమ్మా, గోడకి సిగ్గుందేమో కనుక్కో."

"నాన్నా, బాబాయి నీ ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నాడు."

"నాకు చెవులున్నాయే పిల్లా! సిగ్గు సంగతి ఇటుకలు తెప్పించినవాళ్ళు మాట్లాడొద్దని కిటికీకి చెప్పు."

"బాబాయ్, నాన్న బాగానే ఉన్నాడుట."

"నాకూ ఉన్నాయి చెవులు. ఇటుకలు తెప్పించి, తెప్పించినవాళ్ళు మాట్లాడొద్దని ఎవరికి చెబుతోంది గోడ? తనకి తనే చెప్పుకుంటోందా?"

"నాన్నా, బాబాయి—"

"తల్లి మొహం చూడడం కూడా బరువైపోయి కంతలు పూడ్పించుకునేవాళ్ళతో నాకు మాటల్లేవని చెప్పు."

"బాబాయ్, నాన్న—"

"తల్లి మొహం చూడనివ్వకుండా కంతలు పూడ్పించేవాళ్ళతో నాకూ లేవని చెప్పు!"

"నాన్నా—"

"చెప్పు, అంత రోషం ఉంటే—"

"బాబాయ్—"

"చెప్పు, అంత పంతం ఉంటే—"

"ఆపండి!"

"ఎవరది అరిచింది?"

"ఈ పిల్లేనండీ. నా చేతిలో జల్లెడ జారిపోయింది."

"నేనే నాన్నా. నేనే అరిచా. ఇద్దరూ వినండి. వెయ్యేళ్ళ కిందట పడవల్లో వచ్చి ఊళ్ళు తగలబెట్టినవాళ్ళు కూడా ఇంటికి ఒక కన్ను ఉంచుకున్నారు! వాళ్ళు కత్తులు పట్టుకుని వచ్చిన మనుషులు. మీరు పట్టుకునేవి కత్తెరలు! వాళ్ళకంటే కఠినమా మీరు? ఇది గాలి కన్ను. నానమ్మకున్నవి మసక కళ్ళు రెండు, ఇది మూడోది. దీన్ని మూయించకు నాన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"నేను మూయించడమేంటే!"

"మరి ఎవరు?"

"వాడు!"

"వాడంటే?"

"కిటికీ!"

"కిటికీయే కిటికీని మూయించుకుంటుందా నాన్నా?"

"గోడ వాడిది. పొద్దున మేస్త్రీ వచ్చి 'కిటికీ మూయమన్నారు' అన్నాడు. వాడే పంపాడనుకున్నా. వాడు మూయించుకుంటుంటే నేను పోయి వద్దు బాబూ అని గెడ్డం పట్టుకోవాలా?"

"నేనా? నేను పంపానా? అమ్మ కనిపించేదే దీంట్లోంచి! నా చేత్తో నేను మూయించుకుంటానా? నాకేం పిచ్చా?"

"మరి నువ్వు పంపకపోతే ఈ మేస్త్రీ ఎక్కణ్ణించి ఊడిపడ్డాడురా?"

"నన్నా అడుగుతున్నావు?"

"నిన్నే అడుగుతున్నా!"

"విన్నావా మేస్త్రీ? 'రా' అన్నాడు."

"విన్నా పెద్దమ్మగారూ. మధ్యలో పిల్ల లేకుండానే అన్నాడు."

"నానమ్మా, నాన్న వరండాలోంచి లేచి వస్తున్నాడు! నేను అడ్డం తప్పుకోనా?"

"తప్పుకో, తప్పుకో. కిటికీ దగ్గరికి రానియ్యి."

"ఏదీ, మొహం చూపించి చెప్పు. నువ్వు పంపలేదూ?"

"అమ్మ మీద ఒట్టు, పంపలేదు అన్నయ్యా. అవునూ, ఆ తలేంటి?"

"ఏ తల?"

"నీ తల! చెవులేవి? ఎక్కడ పెట్టుకున్నావు? సెలూను నడిపే మనిషి తలేనా అది? నీ దగ్గరికొచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఎవడి చేతికివ్వమంటావు? ఇరవై ఏళ్ళు నీ చేతికి తప్ప ఇచ్చానా? దుకాణం మూసేసి, నువ్వు నాకూ నేను నీకూ... ఇప్పుడెవడో ముక్కూమొహం తెలీనివాడి ముందు మెడ వంచనా? పెరిగితే పెరిగింది. నా సంగతి సరే, నువ్వటు తిరుగు."

"ఎందుకు?"

"తిరగమన్నానా! అబ్బబ్బబ్బ. ఎవడు కోశాడురా దాన్ని? వెనకాలంతా మెట్లు మెట్లుగా!"

"నేనే. రెండద్దాలు పెట్టుకుని."

"రెండద్దాలు పెట్టుకుని! ఎద్దు మేసినట్టుంది. అందుకే అన్నా ఆ రోజు, చెయ్యి ఇంకా కు—"

"అను."

"నేనేం అనలేదు."

"అనబోయావు! అను. తొమ్మిది నెలలు ఆగి మళ్ళీ అదే మాట అనబోయావు. గోడ చాటున ఎవడైనా అంటాడు. ఆగు. అక్కడికే వస్తున్నా. నా మొహం మీద అను!"

"రా! రారా! నేనేం పారిపోతానా?"

"కదలకు. వస్తున్నా!"

"వస్తున్నాడా అమ్మలూ?"

"చెప్పులేసుకుని వీధిలోకి పరిగెడుతున్నాడు నానమ్మా!"

"వెళ్ళు. వీధి తలుపు గడియ తియ్యి."

"కొట్టుకుంటారు నానమ్మా! గడియ తియ్యను నేను."

"తియ్యమన్నానా! ఇంకాస్త ఆలస్యమైతే వాడి కోపం చల్లారిపోతుంది. పరిగెత్తు!"

"తీశా... తీశా నానమ్మా. బాబాయ్, మెల్లిగా. కోపం తెచ్చుకోకు బాబాయ్. నాన్న అనలేదు, సగమే అన్నాడు."

"సగం చాలు. అడ్డం లే. చెప్పులెక్కడ విడవను?"

"ఇదివరకు విడిచే చోటే."

"ఇక్కడ వేరేవి ఉన్నాయి."

"నాన్నవి. జరుపుతా ఉండు."

"నువ్వు జరపక్కర్లేదు, నేనే... ఎంత పొడుగయ్యావే నువ్వు! కిటికీలో మెడ దాకానే కనబడేదానివి."

"నువ్వు కూడా బాబాయ్. నువ్వింత సన్నగా ఉన్నట్టు కిటికీలో తెలీలేదు."

"సరే, సరే, మాటల్లో పెట్టకు. ఏడీ మీ నాన్న? ఆఁ. వచ్చా. ఇప్పుడను."

"ఏమనను?"

"ఆ మాట."

"కూర్చో ముందు."

"కూర్చోడానికి రాలేదు."

"అయితే నిలబడు. కాళ్ళు నీవి."

"నిలబడతా. మధ్యాహ్నం దాకా నిలబడతా."

"నిలబడు. సాయంత్రం దాకా నిలబడు. నేనూ నిలబడతా."

"మీ ఇద్దరూ తాటిచెట్లలా నిలబడితే నాకు మెడ నొప్పి పుడుతోందిరా. చిన్నోడా, ఆ అరలో మాత్రలున్నాయి. ఒకటి తీసి నా చేతిలో పెట్టు. కిటికీ ఊచల్లోంచి అడగడమే గాని, ఒక్కనాడన్నా అందించావా?"

"ఏ అరలో అమ్మా?"

"నువ్వు పలకా బలపం దాచుకునే అరలోనే. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. నీళ్ళేవి?"

"నీళ్ళు నేను తెస్తా. నువ్వు మాత్ర తీసిపెట్టు. తెల్లది. పచ్చది కాదు."

"తెలుసు అన్నయ్యా. మాత్రలకి కూడా నా చెయ్యి కుదరలేదా?"

"అబ్బ, వదలవురా! నోరు జారింది. ఆ రోజు ఆ పెద్దాయన గెడ్డం గరుకు, తెగుతుందేమోనని నా భయం. నీ చెయ్యికి ఏం తక్కువ? తక్కువైతే ఇరవై ఏళ్ళు నా తలకాయ ఇస్తానా?"

"ఈ ముక్క ఆ రోజు అందరి ముందూ అనాల్సింది."

"ఆ రోజు నువ్వు కుర్చీ ఎత్తుకుని నడిచేశావు, అననిచ్చావట్రా? పడితే కాలి వేళ్ళు పోతాయని వెనకాలే వచ్చా, తెలుసా? పక్క వీధి మలుపు దాకా వచ్చా."

"వచ్చావా?"

"మూడుసార్లు దించావు. మూడుసార్లూ నేను ఆ చెట్టు చాటునా, ఈ బండి చాటునా."

"పెద్దమ్మగారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. సిమెంటు కలపనా, వద్దా? కలిపితే మళ్ళీ గట్టిపడిపోతుంది."

"కలపకు మేస్త్రీ. ఇటుకలు ఎత్తుకుని వరండాలోకి పద. అక్కడ నీడగా ఉంటుంది."

"అదేంటమ్మా, మేస్త్రీని పంపేస్తున్నావు? ముందు నిన్ను ఎవరు పిలిచారో చెప్పి కదులు మేస్త్రీ. నేను కాదు, వీడు కాదు. మా ఇంటి గోడకి ఇటుకలు పంపింది ఎవడు?"

"పేరు చెప్పొద్దని మాట తీసుకున్నారండీ."

"అన్నయ్య అడుగుతున్నాడు, చెప్పవయ్యా."

"మీరిద్దరూ కలిసి అడిగినా చెప్పనండీ. ఒక్కటి మాత్రం చెబుతా. నా ఇసుకలో రాళ్ళు లేవు."

"నానమ్మా!"

"ఏమే?"

"నువ్వెందుకు నవ్వుతున్నావు?"

"నేనెక్కడ నవ్వానే?"

"నవ్వుతున్నావు. ఇందాకటినించీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నావు. నేను ఏడుపొచ్చి గొంతు పోయేలా అరిచినప్పుడు కూడా నవ్వావు, నేను చూశా. నానమ్మా, మంచం దిగుతున్నావేం? నీ మోకాళ్ళు! నన్ను తోస్తున్నావేం? నన్నూ ఉండనీ! పాఠమంతా చెప్పింది నేను, కిటికీని కాపాడింది నేను, నన్నే గదిలోంచి బయటికి తోస్తావా?"

"నువ్వు కాపాడడమేంటే పిచ్చిదానా! కిటికీలోంచి గాలొస్తుంది, చూపొస్తుంది అని వారం రోజులుగా నా చెవిలో పోస్తే, దాంట్లోంచి మనిషి మాత్రం ఎన్నటికీ రాడని అప్పుడు కదూ నాకు వెలిగింది, అందుకే మూసెయ్యమని మేస్త్రీకి నేనే కబురు పెట్టా. ఇంక ఆ కాలు తియ్యి గుమ్మంలోంచి, ఇద్దర్లో ఎవడో ఒకడు జారుకోకముందే తలుపు వెయ్యనీ!"